చిటికెకు ఆరిన దీపాలు

ఎర్రాపూర్ సర్కారు హైస్కూల్లో నన్నెవరూ వనజ టీచర్ అనరు, చిటికె మేడం అంటారు. లెక్క అడుగుతాను, చిటికె వేస్తాను, అప్పటికి జవాబు రాకపోతే లేచి నిలబడాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా నా పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఇలాగే గడుస్తాయి. నా చిటికె రెండు గదుల అవతలికి వినిపిస్తుందనీ, అది విని హిందీ సారు క్లాసులో పిల్లలు కూడా నిటారుగా కూర్చుంటారనీ పేరు. నేనెప్పుడూ కాదనలేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల మురిసిపోయేదాన్ని. జిల్లాలో లెక్కల పోటీ పెడితే గెలిచేది మా బడి పిల్లలే మరి. ఆ గెలిచేవాళ్లు ఏడాదికి నలుగురే. మిగతా ముప్పై నలుగురి సంగతేమిటని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

అలాంటి నా క్లాసులోకి నా కూతురే ఒక పలక తెచ్చిపెట్టింది.

హరిణి హైదరాబాదులో, మెదడు మీద పరిశోధనలు చేసే ఒక ల్యాబులో పని చేస్తుంది. ముప్పై ఏళ్లొచ్చాయి. మాటలు తక్కువ. ఏదైనా సూటిగా అడిగితే ఒక క్షణం నేల చూసి, "తర్వాత రాసిస్త" అంటుంది. పండక్కి ఏ రంగు చీర కావాలన్నా ఫోనులో రాసే పంపుతుంది. అది దాని తీరని నేనూ, బతికున్నన్నాళ్లు వాళ్ల నాన్నా నవ్వుకునేవాళ్లం.

ఆ పలక పెద్ద పళ్లెమంత ఉంటుంది. మీద ముప్పై ఎనిమిది చిన్న దీపాలు, పిల్లలు కూర్చునే వరసలోనే. దానితోపాటు ముప్పై ఎనిమిది గుడ్డ పట్టీలు. నుదుటికి కట్టుకోగానే పిల్లలు ఒకరినొకరు చూసుకుని, అందరికీ ఒకేసారి జ్వరమొచ్చిందని గోల చేశారు.

"దీపం వెలగకుంటే ఆ బుర్ర ఆలోచిస్తలేనట్టు," అంది హరిణి, పలకను నా బల్ల మీద, నాకు మాత్రమే కనబడేలా పెడుతూ. "నీలం వస్తే పని చేస్తున్నట్టు. పసుపు వస్తే దొరికినట్టు."

"ఏం దొరికినట్టు?"

"అర్థం."

ఆ రోజు నేను ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. మూడు రొట్టెలు నలుగురికి పంచాలి, ఎవరూ అలగకూడదు. బోర్డు మీద రొట్టెలు గీసి పలక వైపు చూశాను. ముందు బెంచీలో రెండు నీలి దీపాలు వెలిగాయి. తర్వాత మధ్యలో ఒకటి. ఒక రొట్టెను నాలుగు ముక్కలు చేసి చూపించేసరికి నీలాల్లోంచి ఒకటి మెల్లగా రంగు మారింది. పచ్చి మామిడికాయ ముగ్గినట్టు, ఒక పక్కనుంచి మొదలై మొత్తం పసుపైంది. చూస్తే అది కావలి సురేశ్ దీపం. తలెత్తి వాడి మొహం చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, అంతే. ఆ మొహం చూసి నేనెప్పటికీ కనిపెట్టలేకపోయేదాన్ని. ఆ తర్వాత వాడి పక్కనున్న అమ్మాయిది, వెనక వరసలో ఇద్దరివి. పసుపు బెంచీ బెంచీకి పాకుతోంది.

ఇరవై ఎనిమిదేళ్లుగా "అర్థమైందా?" అని నేనడగడం, "అయ్యింది మేడం" అని వాళ్లు రాగం తీయడం, నేను నమ్మి పుస్తకం మూయడం. ఇప్పుడు ఒక మనిషి లోపల అర్థం పుట్టడం నా కళ్ల ముందు జరుగుతోంది. బోర్డు వైపు తిరిగి సుద్దముక్క వెతుకుతున్నట్టు నటించి కళ్లు తుడుచుకున్నాను. క్లాసులో ఏడ్చిన చిటికె మేడం అనిపించుకోవడం నాకిష్టం లేదు.

వెలగని దీపం ఒకటుంది. కిటికీ పక్క చివరి బెంచీ, గంగామణిది. వెలగదని కాదు, నేను ప్రశ్న అడగగానే నీలంగా ఒకసారి మినుక్కుమని, వెంటనే ఆరిపోతుంది. ఎన్నిసార్లు అడిగినా అంతే. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. రెండేళ్లుగా ఆ పిల్ల నోటినుంచి ఒక్క జవాబు వినలేదు. పదిహేను రోజుల కింద దాని పేరు మీద ఒక కాగితం కూడా సంతకం పెట్టి ఇచ్చాను. లెక్కలు బొత్తిగా రాని పిల్లల్ని ఎనిమిదిలోనే విడి విభాగానికి మార్చమని సిఫారసు. విడి విభాగమంటే మండలంలో కుట్టు శిక్షణ. మా ఊరినుంచి అక్కడికి సరైన బస్సు లేదు. వెళ్లిన ఆడపిల్లలు నెల తిరక్కుండా ఇంట్లో కూర్చుంటారు. ఆ సంగతి తెలిసే సంతకం పెట్టాను. రాని చదువు కోసం పిల్లను రోజూ నిలబెట్టడం కంటే అదే దయ అనుకున్నాను.

"చూసినవా?" అన్నాను సాయంత్రం ఇంట్లో హరిణితో. "నీ మిషినీ నా మాటే చెప్తున్నది. ఆ పిల్ల దగ్గర ఏం లేదు."

హరిణి లాప్‌టాప్ తెరిచి నా ముందుకు జరిపింది. "మెల్లగ తిప్పి పెట్టిన. నువ్వే చూడమ్మా."

తెర మీద పలక బొమ్మ, పక్కన క్లాసులో నా గొంతు. నా మాట సాగి సాగి వస్తోంది. ప్రశ్న అయిపోయింది. అప్పుడు వెలగడం మొదలైంది. ఒకటి, మూడు, ఎనిమిది. సాయంత్రం వీధిలో ఒక్కో ఇంట్లో లైటు వేసినట్టు, నేను పనికిరాని బెంచీ అనుకున్న చోట కూడా నీలం వెలుగుతూ వస్తోంది. ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది. కిటికీ పక్కన గంగామణిది ముప్పయ్యోది.

అప్పుడు తలుపు గొళ్లెం పడ్డట్టు ఒక శబ్దం. నలుగురివి తప్ప అన్నీ ఆరిపోయాయి.

"కరెంటు పోయిందా?" అన్నాను.

"లేదమ్మా. అది నీ చిటికె."

మళ్లీ చూపించింది. మరో ప్రశ్న, మళ్లీ అదే. ఆ పది నిమిషాల్లో నేనడిగిన నలభై ప్రశ్నల్లో దాదాపు అన్నింటికీ అంతే. నా ప్రశ్నకూ చిటికెకూ మధ్య సెకను కూడా నిండా లేదు. ఆ వ్యవధిలో ముప్పై తలలు పని మొదలుపెడుతున్నాయి, నేను ఆపేస్తున్నాను.

నాకు కోపమొచ్చింది. తప్పు బయటపడితే ముందు వచ్చేది నాకు కోపమే. "పోటీ పరీక్షలల్ల ఎవరు ఆగుతరే వీళ్ల కోసం? తొందరగ ఆలోచించుడు నేర్పుతున్న నేను."

"అందరికి ఒక్కతీరుగ వేస్తలేవు కదమ్మా," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. "అభిరామ్‌ను పేరు పెట్టి అడిగినప్పుడు మూడు సెకన్లు ఆగినవు. గంగామణిని అడిగినప్పుడు అర సెకను."

"నేనా?"

"వాడు నీ పోటీల పిలగాడు, వాడికి వస్తదని నీకు నమ్మకం, అందుకే ఆగినవు. ఆ పిల్లకు రాదనుకున్నవు."

అది అబద్ధమని చెప్పాలని నోరు తెరిచాను. తెర మీద అంకెలున్నాయి. లెక్కల టీచరును, అంకెలతో పోట్లాడలేను.

మర్నాడు క్లాసుకు వెళ్లేముందు రెండు చేతుల్లోనూ సుద్దముక్కలు పట్టుకున్నాను. ఖాళీగా ఉంటే నా వేళ్లు నా మాట వినవు. హరిణి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఈ రోజు చిటికె లేదు," అన్నాను. "జవాబు దొరికినోళ్లు నోరు మూసుకుని ఉండాలె. దొరకనోళ్లు ఇంక వెతకాలె. ఒకటికి, రెండుకు నడుమ ఎన్ని భిన్నాలు ఉంటయి?"

ఇది పుస్తకంలో ఉన్న ప్రశ్నే. లెక్కలేనన్ని అని రాస్తే మార్కులొస్తాయి. నా నలుగురు మేధావుల దీపాలు అడిగీ అడగకముందే పసుపయ్యాయి.

ఒక సెకను. రెండు. కుడిచేతి బొటనవేలు మధ్యవేలి మీదికి దానంతటది పోతోంది, సుద్ద అడ్డం పడింది. పిల్లలు నా చేతుల వైపు చూశారు, చిటికె రాకపోయేసరికి ఏదో తప్పు జరిగినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయిదు సెకన్లు. క్లాసులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ భరించలేదు. నిశ్శబ్దమంటే టీచరు ఓడిపోయినట్టని టీచరు శిక్షణలో మాకు పాఠం చెప్పిన సారు నేర్పాడు. ఫ్యాను చప్పుడు, బయట వంట దగ్గర గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

పలక చూశాను. పన్నెండు నీలాలు. ఇరవై. ఇరవై ఆరు. ఎవరూ కదలడం లేదు, ఎవరూ మాట్లాడడం లేదు, మొహాల్లో ఏమీ లేదు, కానీ బల్ల మీద నీలం నిండిపోతోంది. ఇన్నాళ్లూ నేను ఖాళీ అనుకున్న మౌనం ఇంత కిక్కిరిసి ఉంటుందని నాకు తెలియదు. నా క్లాసులో నాకు తెలియకుండా ఇంకో క్లాసు జరుగుతూ ఉందన్నమాట, రోజూ. నేను రోజూ దాని తలుపు మూసి వస్తున్నాను.

పది సెకన్లకు ఒక్కొక్కటీ పసుపవడం మొదలైంది. సగంలో సగం, అందులో సగం అని వేళ్ల మీద కొలుచుకుంటున్నాడు సురేశ్. ముప్పై సెకన్లకు ఇరవై దాటాయి. నిమిషమయ్యేసరికి ఒక్కటే మిగిలింది.

గంగామణి దీపం ఇంకా నీలమే, కానీ అది మిగతావాటిలా లేదు. చిక్కబడుతోంది. నీళ్లు తోడుతున్న కొద్దీ బావిలో లోతు కనబడినట్టు, ఆ నీలం కిందికి కిందికి పోతోంది. వెనక హరిణి లేచి నిలబడింది. దాని చేతిలో ఉన్న చిన్న తెర మీదా అదే కనబడుతోందనుకుంటాను. తర్వాత చెప్పింది, ల్యాబులో పెద్దవాళ్ల మీద కూడా అంత చిక్కటి రంగు తామెప్పుడూ చూడలేదని.

గంగామణి చెయ్యెత్తింది. ఎత్తిందంటే మోచెయ్యి బల్ల మీంచి లేవలేదు, వేళ్లు మాత్రం లేచాయి. రెండేళ్లలో మొదటిసారి.

"చెప్పు బిడ్డా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"జవాబు కాదు మేడం. అడుగుడే."

"అడుగు."

అది లేచి నిలబడింది, అలవాటుగా తల దించుకుని. "మా అమ్మ బీడీలు చుడతది. తునికాకు నేనే కత్తిరిస్త. కత్తెర ఆకు మీద పోతుంటే ముందుగాల సగం తెగుతది. మిగిలిన సగంల మళ్ల సగం తెగాలె. దాంట్ల మళ్ల సగం. ఎంత తెగినా ఇంకింత సగం మిగుల్తనే ఉంటది కద మేడం?"

"ఉంటది."

"మరి కత్తెర అవుతలి కొసకు ఎట్ల పోతున్నది? ఒకటికి, రెండుకు నడుమ అన్ని లెక్కలేనన్ని ఉంటే, ఒకటి కాడ బయలెల్లినోళ్లు రెండు కాడికి ఎట్ల చేరుకుంటరు?"

ఎవరూ నవ్వలేదు. నేను పలక వైపు చూశాను, చూసి సుద్దముక్కలు రెండూ బల్ల మీద పెట్టేశాను. ముందు అభిరామ్ దీపం. పసుపుగా, నిబ్బరంగా వెలుగుతున్నది కాస్తా పలచబడి మళ్లీ నీలమైంది. తర్వాత సురేశ్‌ది. దొరికిందనుకున్న పసుపులన్నీ ఒకటొకటిగా నీలంలోకి వెనక్కి వెళ్లిపోయాయి. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. పలక నిండా ఒకటే రంగు. బీడీలు చుట్టే ఇంటి పిల్ల ఒక ప్రశ్న అడిగితే ముప్పై ఎనిమిది బుర్రలు ఒకేసారి ఒకే చోటికి నడిచి వెళ్లాయి. నేను బతికుండగా ఇంతకంటే గొప్పది చూస్తానని అనుకోను.

"మేడం, చెప్పండి," అన్నాడు అభిరామ్, వాడిలో తొలిసారి తొందర కాకుండా ఆత్రం.

డిగ్రీలో చదివిన శ్రేణులు గుర్తొచ్చాయి. పెద్ద పేర్లతో ఏదో ఒకటి బోర్డు మీద రాసి గట్టెక్కవచ్చు. కానీ ఆ పిల్ల అడిగినదానికి అది జవాబు కాదనిపించింది.

"నాకు గూడ తెల్వది గంగామణీ," అన్నాను. "నేనూ ఆలోచిస్త."

బెల్లు కొట్టారు. భోజనం బెల్లు, అయినా ఒక్కరు లేవలేదు.

హెడ్మాస్టరు భూమన్న సార్‌కు సంగతి చెప్పి, ఆ సిఫారసు కాగితం వెనక్కివ్వమన్నాను. మంచి మనిషి, పలక మీద ఆయనకు ముందునుంచీ మోజు. ముందురోజే పట్టీలు తెప్పించి స్టాఫ్ మీటింగులో మా అందరికీ కట్టించారు. లక్ష్యాల మీద ఆయన మాట్లాడిన ఇరవై నిమిషాలూ పలక మీద ఒకే ఒక్క దీపం నీలంగా వెలిగింది. అది డ్రాయింగ్ సారుది. కట్టుకుంటున్న కొత్త ఇంటికి వంటగది కిటికీ ఎటు పెట్టాలా అని ఆలోచిస్తున్నానని ఆయన పాపం ఒప్పుకున్నాడు. భూమన్న సార్ మిగిలిన లక్ష్యాల కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడు ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆ కాగితం పోయిన సోమవారమే జిల్లా ఆఫీసుకు పోయింది మేడం. వాళ్ల ఇంటికి గూడ ఫోనుల మెసేజ్ పోయే ఉంటది."

మర్నాడు కిటికీ పక్క బెంచీ ఖాళీ.

నేనూ, భూమన్న సార్ కలిసి వాళ్లింటికి వెళ్లాం. గంగామణి తల్లి రాజవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేచింది, కొంగు సర్దుకుంది. నేను ఎందుకొచ్చానో సగం చెప్పేసరికే అడ్డుపడింది.

"మీరే కద మేడం చెప్పింది, దీనికి చదువు రాదని? నా పోనుల వచ్చింది. పక్కింటి పిలగాడు సదివి ఇనిపిచ్చిండు, కింద మీ పేరే ఉన్నది. ఆ కుట్టు మిషిన్ల కాడికి ఆడపిల్లను ఒంటిగ ఎట్ల తోలాలె? అందుకే నా తోటి కూసుండబెట్టుకున్న. నేను సదువుకోలే. మీరు సదువుకున్నోళ్లు. మీరు అబద్ధం చెప్తరా?"

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నిజంగానే అడుగుతోంది. నేను అబద్ధం చెప్పనని ఆమె నమ్మింది కాబట్టే పిల్లను బడి మాన్పించింది. రాజవ్వ చేతులు పట్టుకుని, "తప్పు రాసిన రాజవ్వా, నేనే తప్పు రాసిన," అన్నాను. ఆమె చేతుల నిండా తంబాకు వాసన.

గంగామణి లోపల గడప దగ్గర ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆపి నా వైపు చూసింది. బడికి మళ్లీ రావచ్చా అని అడుగుతుందనుకున్నాను.

"మేడం, నిన్నటిదానికి జవాబు దొరికిందా?" అంది.

అక్కణ్నుంచి తిన్నగా జిల్లా ఆఫీసుకు వెళ్లాం. దయాకర్ అనే ఆఫీసరు మర్యాదగానే కుర్చీ వేసి, ఉపసంహరణ పత్రం ఇచ్చాడు. పిల్ల పేరు, తరగతి, బడి. ఆ కింద ఒక గడి, కారణం. భూమన్న సార్ సాయం చేయబోయి, "పొరపాటున అని రాయండి మేడం, అయిపోతది," అన్నారు.

నేను రాశాను. దయాకర్ చదివి తలెత్తాడు. "ఇదేం కారణం మేడం? నేను ఆగలేదు అంటే?"

"ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగలేదు సార్. రెండేళ్లు. అంతకు మించి కారణం లేదు."

ఆయన కాగితాన్ని నా వైపు జరిపాడు. "రేపటికి ఏదన్న ఆధారం జతచేసి ఇయ్యండి. లేకుంటే పైకి పంపలేను," అన్నాడు.

ఆ ఆధారం మర్నాడు ఇచ్చాను. సిఫారసు రద్దైంది. గంగామణి ఇప్పుడు అదే కిటికీ పక్కన కూర్చుంటుంది, అక్కడే బాగుందంది. కానీ నేను చెప్పాల్సింది ఆ మధ్యలో గడిచిన సాయంత్రం సంగతి.

ఆధారం కోసం హరిణి లాప్‌టాప్‌లో గంగామణి రికార్డు వెతుకుతున్నాను. హరిణి వంటింట్లో టీ పెడుతోంది. పిల్లల రికార్డులన్నీ వరసగా ఉన్నాయి. అన్నింటికంటే పైన, రెండేళ్ల కిందటి తేదీతో ఒకటుంది. మొదటి నమూనా అని ఉంది, పేరు లేదు. మా బడిది కాదు కదా అని తెరిచాను.

ఒకే ఒక్క దీపం. నీలంగా, నిలకడగా వెలుగుతోంది. పక్కన ల్యాబులో ఎవరివో మాటలు, నవ్వులు. ఎవరో ఎవరినో పిలవడానికి చిటికె వేశారు. దీపం ఆరిపోయింది. ఆ మనిషిని ఎవరూ ఏ లెక్కా అడగలేదు. మళ్లీ వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కింద హరిణి రాతలో ఒక వాక్యం ఉంది. పదహారేళ్ల తర్వాత కూడా.

టీ కప్పులతో వచ్చి తెర చూసి ఆగిపోయింది.

"ఎవరిది హరిణీ ఇది?"

ఒక క్షణం నేల చూసింది. రాసిస్తానంటుందనుకున్నాను. "నాదే అమ్మా," అంది.

అది ఏడో తరగతిలో నా క్లాసులో ఉంది. టీచరు కూతురని వెనకేసుకొస్తుందని ఎవరూ అనకూడదని, దాన్ని అందరికంటే ముందు అడిగేదాన్ని, అందరికంటే తొందరగా చిటికె వేసేదాన్ని. స్టాఫ్ రూములో నా నిజాయితీని మెచ్చుకునేవారు. నేను ఇంటికొచ్చి వాళ్ల నాన్నకు చెప్పుకునేదాన్ని. నాకు తెలిసిన టీచర్లందరం మా పిల్లలతో అలాగే ఉన్నాం, అదే ధర్మమనుకున్నాం. హరిణి అప్పటినుంచి నోటితో జవాబు చెప్పడం మానేసింది. అన్నీ రాసింది. రాసి రాసి మొదటి ర్యాంకులు తెచ్చింది. చూశారా, నా చిటికె మహిమ అని నేనే పదిమందికి చెప్పాను.

ఇంత పెద్ద పలకను అది ఎందుకు చేసిందో, మొట్టమొదట నా క్లాసుకే ఎందుకు తెచ్చిందో అప్పటికి గానీ నాకు తెలియలేదు. ఒక్క మాట అడగలేక ముప్పై ఎనిమిది దీపాలు చేసుకొచ్చింది నా బిడ్డ.

"నన్ను తిట్టకపోయినవా ఒక్కసారన్న," అన్నాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా.

"తిట్టాలని రాలేదమ్మా. నువ్వు చూస్తే చాలనుకున్న."

దాని పక్కన కూర్చున్నాను. "మొట్టమొదటి రోజు, నిన్ను నిలబెట్టిన రోజు. ఏం అడిగిన?" అన్నాను. నాకు గుర్తులేదు. వేల ప్రశ్నలు అడిగాను, ఏది ఎవరికి గుచ్చుకుందో ఎలా గుర్తుంటుంది?

"పదహారు తొమ్ములు," అంది వెంటనే.

మాగ్గాయ జాడీ మీద మూతలా నోరు మూసుకున్నాను. జవాబు నా నాలుక చివరన ఉంది. నా వేళ్లు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. కప్పును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. హరిణి కప్పులోకి చూస్తోంది. దాని నుదుటికి పట్టీ లేదు, లాప్‌టాప్ దానంతటదే నల్లబడిపోయింది, లోపల ఏ రంగు వెలుగుతోందో నాకు కనబడదు. కనబడకుండానే ఆగాలి. మిగతా టీచర్లంతా, మిగతా తల్లులంతా అలాగే కదా ఆగాల్సింది.

బయట పాల బండి వెళ్లింది. టీ మీద మీగడ కట్టింది. పక్కింట్లో టీవీ పెట్టారు, మళ్లీ తీసేశారు. ఎన్ని సెకన్లో నేను లెక్కపెట్టలేదు.

"నూట నలభై నాలుగు," అంది నా కూతురు, నోటితోనే.